రెండో పేజీ

2024 మే 11, శనివారం రాత్రి. హైదరాబాద్ నుంచి ఆంధ్రా వైపు వెళ్ళే ఏ బస్సులోనూ సీటు లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. సంక్రాంతికి తప్ప ఆ రోడ్డు మీద అంత జనాన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. సోమవారం పోలింగు. 175 అసెంబ్లీ సీట్లకీ, 25 పార్లమెంటు సీట్లకీ ఒకే రోజు. నా పక్క సీటాయనది ఒక పార్టీ, వెనక సీట్లో కుర్రాళ్ళది ఇంకో పార్టీ. సూర్యాపేట వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను మధ్యలో కూచుని, పెద్దమనిషిలా నవ్వుకుంటూ వింటున్నా. అప్పుడు మా పిన్ని కూతురి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

“అన్నయ్యా, రెండో పేజీ ఏమైంది?”

చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నా. ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

తను అప్పుడు విశాఖలో ఐదేళ్ళ లా కోర్సు మూడో ఏడు చదువుతోంది. లాలో ఎందుకు చేరావని అడిగితే రాజ్యాంగమనీ న్యాయమనీ చెప్పదు. “మా గట్టు కోసం” అంటుంది. తెనాలి దగ్గర బాబాయికి రెండెకరాల పొలం ఉంది. ఆ పొలం గట్టు మీద పక్క రైతుతో పదేళ్ళుగా దావా నడుస్తోంది. ఐదో తరగతి నుంచీ ‘వాయిదా’ అనే మాట వింటూ పెరిగిన పిల్ల. బాబాయి ప్రతి ఎన్నికల్లోనూ తన పార్టీకి బూత్ ఏజెంటుగా కూచుంటాడు. ఆయనది ఒక పార్టీ, నాది ఇంకోటి. ఎవరిది ఏదో చెప్పను. చెబితే మీరు ఇక్కణ్ణుంచి ఈ వ్యాసాన్ని వేరేగా చదువుతారు. చెప్పకపోయినా, ఇంటిపేరు చూసి ఊహించే ప్రయత్నంలో ఈపాటికే కొందరు ఉండి ఉంటారు. తెలుగువాళ్ళం, మనకది కొత్తేం కాదు.

ఆ ఎన్నికల్లో ఆంధ్రాలో ఊరూరా మోగిన పేరు ‘ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్’. మామూలుగా మన ఎన్నికల్లో చట్టాల పేర్లు వినపడవు. పథకాల పేర్లు వినపడతాయి, కులాల పేర్లు గుసగుసగా వినపడతాయి. ఈసారి టీకొట్టు దగ్గర కూడా చట్టం గురించే మాట్లాడుకున్నారు. అదుంటే మీ భూములు పోతాయని ప్రతిపక్షం, అదుంటేనే మీ భూములకి భద్రత అని అధికారపక్షం. చదివినవాడు మాత్రం ఊళ్ళో ఒక్కడూ లేడు. అందరికీ తెలిసిందల్లా లా చదివే పిల్ల ఒకతి ఉందని.

విషయం కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో రిజిస్ట్రార్ ఆఫీసు భూమి మీద హక్కుని రిజిస్టరు చేయదు, కాయితాన్ని రిజిస్టరు చేస్తుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చేసే పని అదే. ఫలానావాడు ఫలానావాడికి అమ్మినట్టు ఒక దస్తావేజు ఉందని ప్రభుత్వం నమోదు చేసుకుంటుంది. అమ్మినవాడికి అసలు అమ్మే హక్కు ఉందా లేదా అన్నదానికి పూచీ పడదు. అందుకే పొలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, అడంగల్, పాసు పుస్తకం అన్నీ పట్టుకుని లాయరు చుట్టూ తిరుగుతాడు. ఇన్నీ ఉన్నా, రేపెవరో వచ్చి ఇందులో మా తాత వాటా ఉందంటే మళ్ళీ కోర్టే. దీనికి విరుగుడుగా 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ అనే ఆయన ఒక పద్ధతి తెచ్చాడు. ప్రభుత్వమే ఒక రిజిస్టరు పెడుతుంది, అందులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, దానికి హామీ కూడా ప్రభుత్వానిదే. మన దగ్గర నీతి ఆయోగ్ ఈ దారిలో ఒక నమూనా చట్టం తయారుచేసింది. ఆంధ్రా చట్టమూ ఆ దారిలోదే. గట్టు కోసం పదేళ్ళు కోర్టుకి తిరిగిన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇందులో ఉన్న ఆశ తేలిగ్గానే అర్థమవుతుంది.

మరి ఆ రిజిస్టరు రాసేదెవరు? తప్పు రాస్తే ఎక్కడికెళ్ళి అడగాలి? చట్టం సివిల్ కోర్టుల్ని పక్కకి తప్పించి, తగాదాలు తేల్చే పని ప్రభుత్వం నియమించే అధికారులకి అప్పజెప్పింది. వాళ్ళ మీద అప్పీలూ ప్రభుత్వం నియమించే అధికారి దగ్గరికే. ఆపైన హైకోర్టు. గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే రిజిస్టరులో ఉన్నదే ఖాయం. అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చే ముసలాయనకి ఆ గడువు సంగతి ఎవరు చెప్తారు? రాష్ట్రమంతా లాయర్లు కోర్టులు బహిష్కరించి ఆందోళన చేశారు. దానికి తోడు రీసర్వేలో పాతిన రాళ్ళ మీదా, పాసు పుస్తకాల మీదా ముఖ్యమంత్రి బొమ్మ. తాతలిచ్చిన పొలం పుస్తకం మీద ఈయన బొమ్మేంటి అని అడగడానికి సెక్షన్లు చదవక్కర్లేదు.

ఏప్రిల్ ఆఖర్లో తనకి ఫోన్ చేసి, “అసలేంటమ్మా ఈ చట్టం, నాలాంటివాడికి అర్థమయ్యేలా రాసి పంపవా” అని అడిగా. రెండు రోజులు కూచుని, చట్టం మొత్తం చదివి, చేత్తో రెండు పేజీలు రాసి ఫోటోలు పంపింది. ఒక పేజీలో ఇలాంటి చట్టం ఎందుకు కావాలో, ఇంకో పేజీలో ఈ చట్టంలో ఎక్కడ ప్రమాదముందో. రెండో పేజీ అడుగున తన అభిప్రాయం ఉంది. ఆలోచన సరైందేననీ, సివిల్ కోర్టు తలుపు మూయడం తప్పనీ, గడువు పెంచి, అప్పీలు వినే అధికారిని ప్రభుత్వం చేతికి దూరంగా ఉంచితే బాగుపడే చట్టమనీ.

నేను మొదటి పేజీ ఫోటో ఒక్కటే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పైన, “మన లా స్టూడెంట్ ఏం రాసిందో బాబాయి చదవాలి” అని రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ. మొదటి పేజీలో ఉన్నది అనుకూలమో వ్యతిరేకమో కావాలనే చెప్పట్లేదు. మీకెలా కావాలంటే అలా అనుకోండి, నేను చేసిన పని మారదు.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది ఫ్యామిలీలో ఆగుతుందా? సాయంత్రానికి ఊరి గ్రూపులోకి వెళ్ళింది. మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గర ఎవరో ఆ పేజీ బాబాయికి పైకి చదివి వినిపించి, “నీ కూతురే మావైపుంది, ఇంక నువ్వెందుకు” అన్నారట. పదిమంది నవ్వారట. బాబాయి ఇంటికొచ్చి కూతుర్ని అడిగింది ఒకటే మాట. “నువ్వెటు?” తను రెండో పేజీ చేతికివ్వబోయింది. ఆయన తీసుకోలేదు. పోలింగు దాకా తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల, జీవితంలో మొదటి ఓటు, ఆ ఇంట్లో మంచినీళ్ళ దగ్గర్నుంచీ అన్నీ పిన్ని మధ్యవర్తిత్వంలో నడిచాయి.

ఆదివారం రాత్రి డాబా మీద కూచున్నాం. తిడుతుందనుకున్నా. “నువ్వు అబద్ధం చెప్పలేదన్నయ్యా. చెప్పుంటే ఖండించేదాన్ని” అంది. కాసేపాగి, ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 39 అని ఒకటుందని చెప్పింది. ఒక పత్రంలో కొంత భాగాన్నే సాక్ష్యంగా తెస్తే, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడానికి మిగతాది ఎంత కావాలో అంతా ముందుంచాలట. 1872లోనే ఎవరో నాలాంటివాణ్ణి చూసి రాసినట్టున్నారు.

తన విసుగు నా ఒక్కడి మీదే కాదు. ఆ ఎన్నికల కాలం మొత్తం మీద. ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్ల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినరోజు హాస్టల్లో రాత్రంతా కూచుని చదివిందట. ఏ పార్టీకి ఎవరు డబ్బిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కు అని ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. “చదువుతుంటే ఒళ్ళు పులకరించింది, తెలుసా” అంది. మార్చిలో బాండ్ల జాబితాలు బయటికొచ్చాయి. బీజేపీ, కాంగ్రెస్‌తో పాటు రెండు తెలుగు రాష్ట్రాల పెద్ద పార్టీల పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఆ వారమంతా హాస్టల్లో ప్రతివాళ్ళూ అవతలి పార్టీ అంకెలు పైకి చదివారట. తమ పార్టీ దగ్గరికొచ్చేసరికి, “అందరూ తీసుకున్నారుగా” అనేవారట. “తీర్పు మా అందరి గురించీ వచ్చింది. మావాళ్ళు దాన్ని అవతలివాళ్ళ గురించి వచ్చిందనుకున్నారు. నేను రెండు పార్టీల అంకెలూ చెప్తే, నువ్వు న్యూట్రల్ అని నటిస్తున్నావు, లోపల ఎవరో ఉన్నారు అన్నారు.”

‘నువ్వెటు’ అన్న ప్రశ్న చూడ్డానికి చిన్నదే. కానీ దానికి జవాబు వచ్చేదాకా మనం అవతలివాళ్ళు చెప్పేది వినం. జవాబు వచ్చాక వినక్కర్లేదు. మనవాడైతే చెప్పేది ముందే తెలుసు, మనవాడు కాకపోతే ఎందుకు చెప్తున్నాడో తెలుసు. మధ్యలో ఆ చెప్పిన మాట నిజమా కాదా అన్నది ఎవరికీ అవసరం లేకుండా పోతుంది. టీకొట్టు దగ్గర నవ్విన పదిమందిలో ఒక్కడు కూడా ఆ పేజీలో ఉన్నది సరైనదేనా అని అడగలేదు. బాబాయీ అడగలేదు. మొదట నేనూ అడగలేదు. అందులో నాకు కావల్సిన పేరా కనపడగానే వెతకడం ఆపేశా.

దీనికి మందు పార్టీల్నే ఎత్తేయడం అని సీరియస్‌గా వాదించినవాళ్ళున్నారు. సిమోన్ వే అనే ఫ్రెంచి తత్వవేత్త తన చివరి రోజుల్లో ఒక చిన్న వ్యాసం రాసింది. తను 1943లో చనిపోతే, అది 1950లో అచ్చయింది. రాజకీయ పార్టీలన్నిటినీ రద్దు చేయాలన్నది దాని సారాంశం. పార్టీ అనేది సామూహిక ఆవేశాన్ని తయారుచేసే యంత్రమనీ, అందులో చేరినవాళ్ళ ఆలోచన మీద అది ఒత్తిడి పెడుతుందనీ, చివరికి దాని లక్ష్యం అది పెరగడమేననీ అంటుంది. ఏ విషయం వచ్చినా నా పార్టీ సంగతి మరిచిపోయి న్యాయమేదో మాత్రమే చూస్తానని ఒక సభ్యుడు బహిరంగంగా చెప్తే ఏమవుతుందో ఊహించుకోమంటుంది. మన దగ్గరైతే ఊహించుకోనక్కర్లేదు. 1985లో పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చిన దగ్గర్నుంచి, విప్‌కి వ్యతిరేకంగా ఓటేసే ఎమ్మెల్యే సభ్యత్వం పోగొట్టుకునే ప్రమాదంలో పడతాడు. అంతరాత్మ ప్రబోధంతో వేశానంటే చెల్లదు.

ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నాకు పూర్తిగా నచ్చింది. నచ్చడానికి కారణం ఇప్పుడనిపిస్తుంది, నేను హైదరాబాద్‌లో ఐదో అంతస్తులో ఉంటానని. ఊళ్ళో బాబాయిని చూడండి. పార్టీ లేకపోతే ఆయన తన రెండెకరాలు దాటి ఇంకేదీ పట్టించుకోని మనిషయ్యేవాడు. పార్టీ పని మీదే ఆయన వితంతువుల పింఛన్ల అప్లికేషన్లు పట్టుకుని మండలాఫీసుకి తిరిగాడు, కాలవ పూడిక తీయించమని పోట్లాడాడు, ఓటర్ల జాబితాలో తప్పులు దిద్దించాడు. ఆయన పక్షపాతానికి కాళ్ళున్నాయి, చెప్పులరిగాయి. నా పక్షపాతానికి ఉన్నది ఒక బొటనవేలు. ఫార్వర్డ్ నొక్కడానికి. నాకు ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఎండ తగల్లేదు, టీకొట్టు దగ్గర నవ్వులు పడలేదు. కాబట్టి ఏదో ఒక పక్షాన ఉండటమే తప్పన్న మాట ఇప్పుడు నేను అనలేను. పక్షం లేని మనుషులు కొందరు నాకు తెలుసు. మే 13 సెలవుకి గోవా వెళ్ళినవాళ్ళు.

ఇక్కడ నన్ను తికమకపెట్టిన సంగతి ఇంకోటుంది. లాయరు వృత్తే పక్షం తీసుకోవడం. ఫీజిచ్చినవాడి తరఫున వాదించడం. మరి లా చదివే పిల్లకి పార్టీవాళ్ళ మీద అంత విసుగెందుకు? ఇదే అడిగితే మూట్ కోర్టు గురించి చెప్పింది. ఒకే కేసులో పిటిషనర్ తరఫునా, రెస్పాండెంట్ తరఫునా రెండు మెమోరియల్స్ రాయాలట. పొద్దున ఒకవైపు, మధ్యాహ్నం ఇంకోవైపు వాదించాల్సి రావచ్చు. “మొదట్లో సిగ్గుగా ఉండేది, రెండు నాలుకల దాన్నేమో అని. తర్వాత తెలిసింది, అవతలి మెమోరియల్ రాయకపోతే నా మెమోరియల్‌లో కంత ఎక్కడుందో నాకే తెలియదని.” తన వాదనకి అడ్డొచ్చే తీర్పు ఉందని తెలిసీ దాన్ని కోర్టు నుంచి దాచకూడదు. అవతలివాడు మాట్లాడేదాకా కేసు పూర్తి కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈరోజు నేను గెలిచిన వాదన రేపు నా మీదే ఎవరైనా ప్రయోగించొచ్చు. కోర్టులో మాటకి తోక ఉంటుంది. అన్నవాడి వెనకాలే వస్తుంది.

పార్టీ మాటకి ఆ తోక లేదు. మన రెండు రాష్ట్రాల ఫిరాయింపుల చరిత్ర చూస్తే చాలు. 2014 తర్వాత ఆంధ్రాలో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్ళారు, నలుగురు మంత్రులయ్యారు. అప్పుడు ఒకవైపువాళ్ళకి అది అభివృద్ధి కోసం, ఇంకోవైపువాళ్ళకి ప్రజాస్వామ్యం ఖూనీ. 2019 తర్వాత కొందరు తెలుగుదేశం ఎమ్మెల్యేలు అటు వైపు జరిగారు. మాటలు అవే, నోళ్ళు మారాయి. చివరికి 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు ముంచుకొస్తుండగా, స్పీకరు ఇటు నలుగుర్నీ అటు నలుగుర్నీ ఒకేరోజు అనర్హుల్ని చేశారు. అప్పటికి ఆ అసెంబ్లీకి మిగిలిన పనే లేదు. తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. రాజ్యాంగం పదో షెడ్యూలు ఏమంటోందో అప్పుడు కాంగ్రెస్ చదివి వినిపించింది. 2023 ఎన్నికల తర్వాత 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్ళారని వివాదం. ఈసారి పదో షెడ్యూలు చదివే వంతు బీఆర్ఎస్‌ది. రెండు పత్రికా సమావేశాల వీడియోలు పక్కపక్కన పెట్టి కండువాల రంగు మారిస్తే, ఏది ఏ సంవత్సరానిదో చెప్పడం కష్టం.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఎప్పుడూ ఫెయిల్ కాని టెస్టు టెస్టు కాదు. కోడ్ ఎంత చెత్తగా ఉన్నా పచ్చరంగు చూపించే టెస్టుని తీసి పారేస్తాం. ‘ఫిరాయింపు తప్పు’ అన్న నా సూత్రం నా పార్టీ మీద ఒక్కసారైనా ఎర్రరంగు చూపించకపోతే అది సూత్రం కాదు, నినాదం. ఇది రాశాక నా పాత పోస్టులు తిరగేశా. 2017లో ఒకటి, 2020లో ఒకటి. ఇక్కడ పెట్టను, సిగ్గేసింది. పెడితే నేనెటో మీకు తెలిసిపోతుంది కూడా.

ఈ ఫిరాయింపుల చట్టం మీద 1992లో సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది, కిహోటో హొల్లోహన్ కేసు. ముగ్గురు జడ్జీలు చట్టం మొత్తంగా నిలుస్తుందన్నారు. స్పీకరు నిర్ణయాన్ని కోర్టు సమీక్షించవచ్చు, కానీ తేల్చేది స్పీకరే. ఇద్దరు ఒప్పుకోలేదు. పదవి కోసం సభలో మెజారిటీ మీద ఆధారపడే స్పీకరు ఈ తగాదాల్లో నిష్పక్షపాత న్యాయమూర్తి కాలేడన్నది వాళ్ళ అభ్యంతరం. ఓడిపోయిన అభిప్రాయం. అయినా తీర్పు పుస్తకంలో, గెలిచిన అభిప్రాయం పక్కనే అచ్చయి ఉంది. 2025 జులై 31న తెలంగాణ ఎమ్మెల్యేల కేసులో సుప్రీంకోర్టు స్పీకరుకి మూడు నెలల గడువు పెట్టి, అసలు ఈ పని స్పీకరు చేతిలో ఉండొచ్చా అన్నది పార్లమెంటు మళ్ళీ ఆలోచించాలంది. 33 ఏళ్ళ కిందటి రెండో పేజీ ఎవరో తీసి చదివినట్టనిపించింది నాకు.

డాబా మీద ఆ రాత్రి తను వికర్ణుడి సంగతి ఎత్తింది. ద్రౌపది సభలో అడిగింది కచ్చితంగా లా ప్రశ్నే కదా అంది. తనను తాను ఓడిపోయిన తర్వాత నన్ను పందెం ఒడ్డే అధికారం ధర్మరాజుకి ఉందా? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైంది, తేల్చలేనన్నాడు. ద్రోణుడు మాట్లాడలేదు. కౌరవుల్లోంచి ఒక్క వికర్ణుడు లేచి, వ్యసనంలో పడి చేసిన పని చెల్లదనీ, ఆమె ఐదుగురికీ భార్య అయినప్పుడు ఒకడు ఒడ్డలేడనీ, అప్పటికే తనను తాను ఓడినవాడికి హక్కు లేదనీ ఒక్కో పాయింటూ చెప్పాడు. కర్ణుడు ఆ పాయింట్లకి జవాబు చెప్పే ముందు ఏమన్నాడు? నువ్వు కుర్రాడివి, నీవాళ్ళకే ఎదురు మాట్లాడుతున్నావన్నాడు. “అంటే ‘నువ్వెటు’ అన్నాడు” అంది తను.

నాకు వికర్ణుడి మీద ఎప్పుడూ ఒక అసంతృప్తి ఉండేది. అంత మాట అన్నవాడు యుద్ధం వచ్చేసరికి దుర్యోధనుడి వైపే నిలబడ్డాడు. భీముడి చేతిలో చచ్చాడు, భీముడే బాధపడ్డాడు. ఇంకేముంది, ఉపన్యాసం ఇచ్చి ఊరుకున్నవాడే కదా అని. విభీషణుడిలా వచ్చేయొచ్చు కదా అని. తను ఒప్పుకోలేదు. విభీషణుడు వైపు మారాక అతని మాట రాముడి వైపు మాటైపోయింది, లంకలో దానికి విలువ పోయింది. వికర్ణుడి మాట మాత్రం చివరిదాకా కౌరవుడి మాటగానే ఉండిపోయింది, అందుకే అది వాళ్ళకి అంత గుచ్చుకుంది అంది. “మా నాన్న వైపు నేను ఉండగలను. ఉంటాను కూడా. కానీ అడిగిన ప్రశ్నకి జవాబు మార్చలేను. రెండూ కలిపి కుదరవా?”

కుదురుతాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వికర్ణుడి బాణాలు తగిలిన పాండవ సైనికుడెవడికైనా సభలో అతనేం మాట్లాడాడన్నది ఏం ఓదార్పు? ఆ మాట కూడా అన్నాను. తను చాలాసేపు మాట్లాడలేదు. నేను కూడా ఆ కథలో నేనెవర్నని ఆలోచిస్తున్నా. కర్ణుణ్ణి కాదు, అంత నిష్ఠ లేదు. భీష్ముణ్ణి కాదు, అంత భారం లేదు. వికర్ణుడు చెప్పిన దాంట్లో సగం విని, సభ బయటికెళ్ళి వీధిలో చాటింపు వేసినవాడు ఎవడైనా ఉండుంటే వాడు.

బస్సులో మెసేజ్ వచ్చినప్పటి సంగతి మిగిలిపోయింది. ఆ ఫోటో నా ఫోన్లోనే ఉంది. గ్రూపులో పెట్టడానికి పది సెకన్లు చాలు. పెట్టబోయి ఆగాను. ఎందుకాగానో నాకు బాగా తెలుసు. ఇంకా ఒకటిన్నర రోజుంది, మా ఇంటి గ్రూపులో 41 మంది ఉన్నారు, వాళ్ళలో ముగ్గురు నలుగురు ఎటూ తేల్చుకోలేదని నాకు అనుమానం. సోమవారం సాయంత్రం పెడదాం, నిజం ఎక్కడికీ పోదుగా అనుకున్నా. ఒక లా స్టూడెంటు ఇంట్లో తండ్రితో మాటల్లేకుండా కూచుని అడుగుతోందని తెలిసి కూడా అలా అనుకున్నా. అప్పుడది నాకు తప్పనిపించలేదు, వ్యూహం అనిపించింది. పార్టీలో సభ్యత్వం కూడా లేనివాడికి వ్యూహం!

సోమవారం పొద్దున్నే ఓటుకి వెళ్ళాం. బూత్‌లో ఏజెంట్ల బల్ల దగ్గర బాబాయి, ముందు ఓటర్ల జాబితా, చేతిలో పెన్సిలు. లైన్లో నిలబడి తను నా చెవిలో, “రూలు తెలుసా? రెండు రూపాయలు కట్టి నేను నేను కాదని నాన్న చాలెంజ్ చేయొచ్చు” అంది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. పోలింగ్ ఆఫీసరు తన పేరూ వరస నంబరూ పైకి చదివాడు. బాబాయి తలెత్తి చూడలేదు. జాబితాలో వెతికి, పేరు కింద గీత గీసి, “ఉంది” అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత కూతురి విషయంలో ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. ఎవరికేసిందో తను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆంధ్రాలో 80 శాతం దాటి పోలింగైంది. జూన్ 4న ఫలితాలొచ్చాయి, ప్రభుత్వం మారింది, జులైలో కొత్త అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. రెండో పేజీ నేను ఫలితాలొచ్చిన వారం తర్వాత గ్రూపులో పెట్టాను. ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. ఒకత్త, “ఎవరిది ఈ చేతిరాత, ముత్యాల్లా ఉంది” అంది. చదివినవాళ్ళు లేరు. అప్పటికి ఎవరికీ దానితో పనిలేదు. బాబాయి పేరు పక్కన మాత్రం చూసినట్టు నీలం గీతలు కనపడ్డాయి.

తను ఇప్పుడు ఆఖరి ఏడు. పోయిన సెలవుల్లో గుంటూరులో ఒక సీనియర్ లాయరు దగ్గర ఇంటర్న్‌గా చేరింది. మొన్న ఫోన్ చేసినప్పుడు చెప్పింది, ఇంట్లో గట్టు దావా కాయితాల కట్ట మొత్తం విప్పి చదివిందట. మొదటిసారి పక్క రైతు వేసిన జవాబు దావా కూడా చదివిందట. పాత కొలతల్లో ఆయన చెప్పేదాంట్లో ఒక పాయింటు ఉందంది, కొట్టిపారేసేది కాదు.

“బాబాయికి చెప్పావా?”

“రెండువైపులా రాసి, రెండు పేజీలూ చదివి వినిపించా.”

“ఏమన్నాడు?”

“చివరిదాకా విన్నాడన్నయ్యా. తర్వాత, వాయిదా ఎప్పుడు అని అడిగాడు.”